దండెం కింద చిల్లర

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో, 1920లలో కట్టిన ఒక ఇటుక ఇంటి పెరట్లో, టీ అక్షరం ఆకారంలో ఉన్న రెండు ఇనుప గుంజలు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒకప్పుడు కట్టిన తీగలు ఎప్పుడో తెగిపోయాయి. 2025 మే నెలలో, పాత నాణేలు వెతుక్కోవడానికి ఆ ఇంటి పెద్దావిడ అనుమతి ఇచ్చాక, మేము ముగ్గురు మిత్రులం నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు పట్టుకొని ఆ పెరట్లో అడుగుపెట్టినప్పుడు మా చూపు ముందుగా పడింది ఆ గుంజల మీదనే. అవి దండెం గుంజలు. బట్టలు ఆరబెట్టే యంత్రం ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో ఈ దేశపు పెరళ్ళలో కూడా దండేలు ఉండేవి. తడి బట్టలను దులిపి ఆరవేసేటప్పుడు జేబుల్లో మరిచిపోయిన చిల్లర జారిపడేది, పడిన చప్పుడును గడ్డి మింగేసేది. మన ఊళ్ళలో రొంటిన దోపుకున్న రూపాయి బావి గట్టు దగ్గర జారిపోయినట్టే ఇదీను.

మాలో ఒకరిది కరీంనగర్ జిల్లా, మరొకరిది విజయనగరం, నాది గుంటూరు దగ్గర ఒక పల్లె. ముగ్గురమూ వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళమే. 2021 వేసవిలో విజయనగరం మిత్రుడు ఎవరో ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన పాత సామానులో ఒక డిటెక్టర్‌ను 40 డాలర్లకు కొని, దాన్ని తిన్నగా మా ఇంటికి తెచ్చాడు. మా ఇల్లు మొక్కజొన్న చేను తీసేసి వేసిన కొత్త కాలనీలో ఉంది. రోజంతా వెతికితే మేకులు, తీగ ముక్కలు, ఇల్లు కట్టిన పనివాళ్ళు పారేసిన సోడా డబ్బాలు తప్ప మరేమీ దొరకలేదు. మనుషులు చాలాకాలం బతికిన చోటనే పాత నాణెం ఉంటుందన్న చిన్న విషయం ఆ రోజు మాకు తెలిసివచ్చింది. అప్పటినుంచి నగరంలోని పాత వీధుల వైపు మళ్ళాము.

మెటల్ డిటెక్టర్ అనగానే మనవాళ్ళకు గుడి దగ్గరో విమానాశ్రయంలోనో ఎదురయ్యే గుమ్మం గుర్తుకొస్తుంది. మేము వాడేది చేతికర్ర లాంటిది. దాని చివర పళ్ళెంలా ఉండే భాగంలో రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్ట నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని దారిలో లోహం ఉంటే ఆ లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, అవి తిరిగి తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, దాన్ని రెండో చుట్ట పసిగడుతుంది. ఆ జవాబు ఎంత ఆలస్యంగా, ఏ తీరున వచ్చిందన్నదాన్ని బట్టి యంత్రం తెర మీద ఒక అంకె చూపుతుంది. ఇనుముకు చిన్న అంకె, వెండికి పెద్ద అంకె. ఈ విద్యకు మా రాష్ట్రంతో ఒక విషాదకరమైన చుట్టరికం కూడా ఉంది. ఒహాయోలో పుట్టిన అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై 1881 జూలై 2న వాషింగ్టన్ రైలు స్టేషన్‌లో కాల్పులు జరిగినప్పుడు, ఆయన ఒంట్లో దిగిన తూటా జాడ కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి యంత్రాన్నే తయారుచేసి తెచ్చాడు. తూటా జాడ దొరకలేదు, ఆ సెప్టెంబరులో గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. పరుపులోని లోహపు స్ప్రింగులు బెల్ యంత్రాన్ని తికమకపెట్టాయని చెబుతారు. దండెం గుంజకు మూరెడు దూరంలో డిటెక్టర్ ఆడించి చూసినవారికి ఆయన అవస్థ బాగా అర్థమవుతుంది. గుంజలోని ఇనుము గోల చేస్తూ ఉంటే పక్కనున్న నాణెం గొంతు వినపడదు. అలాంటి చోట చిన్న పళ్ళెం బిగించి, గుంజకు ఎడంగా నిలబడి, అంగుళం అంగుళం కదపాలి.

ఇక అనుమతి సంగతి. ఈ వ్యాపకంలో కష్టమైన పని తవ్వడం కాదు, ముక్కూమొహం తెలియని వాళ్ళ తలుపు తట్టి, మీ పెరడు తవ్వుకుంటామని అడగడం. మొదట్లో మేము ముగ్గురం కలిసి వెళ్ళేవాళ్ళం, తలుపు తీసినవాళ్ళు ముగ్గురు కొత్త మగవాళ్ళను చూసి బెదిరేవారు. తరవాత ఒక్కరమే వెళ్ళడం, మధ్యాహ్నం పూట వెళ్ళడం, చేతిలో యంత్రం లేకుండా వెళ్ళడం నేర్చుకున్నాము. మాటల కన్నా మాకు ఎక్కువగా పనికొచ్చింది ఒక ఫోటోల జత: తవ్వుతున్నప్పటి గుంట ఒకటి, పూడ్చాక అదే చోటు మరొకటి. రెండో ఫోటోలో గుంట ఎక్కడుందో చూపమంటే ఎవరూ చూపలేరు. ఈ పెద్దావిడ కూడా కళ్ళజోడు సర్దుకొని ఆ ఫోటోను చాలాసేపు చూసి, చివరికి నవ్వి, వెనక గేటు గడియ తీసింది. దొరికిన ప్రతి వస్తువూ ముందు ఆమెకు చూపిస్తామని, ఆమె వద్దన్నవే మేము తీసుకుంటామని ఒక కాగితం మీద రాసి ఇచ్చాము. ఇళ్ళ ముందు కాలిబాటకూ రోడ్డుకూ మధ్య ఉండే పచ్చిక పట్టీ మాత్రం చాలా ఊళ్ళలో నగరపాలన అజమాయిషీలో ఉంటుంది కనుక, ఇంటివాళ్ళు సరేనన్నా దాని జోలికి పోము.

గుంట తీయడంలో ఒక పద్ధతి ఉంది. గడ్డిని వేళ్ళతో సహా గుర్రపు నాడా ఆకారంలో కోసి, ఒక పక్కన అతుకు ఉంచి, పుస్తకం అట్టలా వెనక్కి మడవాలి. తీసిన మట్టిని గడ్డి మీద పోయకూడదు. దాని కోసం అందరూ టార్పాలిన్ ముక్క వాడితే మేము నా పాత లుంగీ వాడుతాము. నాణెం దొరికినా దొరకకపోయినా మట్టినంతా గుంటలోకి వంచి, గడ్డిని మూసి, కాలితో నొక్కి, సీసాలో నీళ్ళు పోయాలి. ఒహాయో బంకమట్టి వాన పడిన మర్నాడు వెన్నలా తెగుతుంది, ఆగస్టు ఎండల్లో ఇటుకలా గట్టిపడుతుంది. అప్పుడు కోసిన గడ్డి ఎన్ని నీళ్ళు పోసినా ఎండిపోతుంది కనుక ఆ నెలలో మేము ఎవరి పెరట్లోకీ వెళ్ళము. తవ్వే ముందు 811 నంబరుకు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, టెలిఫోన్ తీగలు ఎక్కడున్నాయో సంస్థలవాళ్ళు వచ్చి రంగుతో గీసి వెళ్తారు. అయితే ఇంటివాళ్ళు సొంతంగా పాతించుకున్న వాటిని వాళ్ళు గీయరు. రెండేళ్ళ కిందట ఒకరి పెరట్లో, కుక్క హద్దు దాటకుండా నేలలో పాతిన సన్నటి తీగను నేను చేతిపారతో తెంపేశాను. యంత్రం ఒకే గీత వెంబడి ఆగకుండా మోగుతూ ఉంటే అది తీగ అయి ఉంటుందన్న ఆలోచన రాకపోవడం నా తప్పే. మర్నాడు వెళ్ళి అతుకు వేసి, క్షమాపణ చెప్పి వచ్చాను. ఆ కుక్క మాత్రం ఆ రాత్రంతా వీధిలో స్వేచ్ఛగా తిరిగిందట.

డేటన్‌లో నాణేలు వెతికేవాళ్ళకు ఇంకో ముచ్చట ఉంది. జేమ్స్ రిట్టీ అనే సారాదుకాణం యజమాని, పనివాళ్ళు గల్లాపెట్టెలో చేతివాటం చూపుతున్నారని విసిగి, 1879లో క్యాష్ రిజిస్టర్‌కు పేటెంట్ పొందింది ఈ ఊళ్ళోనే. అందులోంచే తరవాత ఒక మహా పరిశ్రమ పుట్టి ఊరిని పోషించింది. ఆ ఊరివాడే అయిన అర్మల్ ఫ్రేజ్, 1959లో వనభోజనానికి వెళ్ళినప్పుడు డబ్బా తెరిచే పరికరం లేక కారు బంపరుతో తంటాలు పడి, ఆ తరవాత వేలితో లాగితే ఊడివచ్చే డబ్బా మూతను కనిపెట్టాడు. 1962లో పిట్స్‌బర్గ్‌లోని ఒక బీరు సంస్థ దాన్ని మొదట వాడింది. 1970ల నడుమ డబ్బాకే అంటుకొని ఉండే మూత వచ్చేదాకా, అమెరికావాళ్ళు డబ్బా తెరిచి, ఆ అల్యూమినియం రింగును గడ్డిలోకి విసిరేశారు. ఒకే ఊరివాళ్ళలో ఒకడు చిల్లరను లెక్కపెట్టే యంత్రాన్ని చేశాడు, మరొకడు డిటెక్టర్‌కు చిల్లరలాగే వినిపించే రేకు ముక్కను చేశాడు.

ఆ రేకు ముక్కే మా జీవితాలకు పరీక్ష. అయిదు సెంట్ల నాణెమైన నికెల్ నా యంత్రంలో 52 దరిదాపుల్లో పలుకుతుంది. డబ్బా రింగులు కూడా, వంగిన తీరును బట్టి, దాని చుట్టుపక్కల అంకెల్లోనే పలుకుతాయి. సన్నటి బంగారు ఉంగరం కూడా అక్కడే పలుకుతుందని పుండు మీద కారం చల్లేవాళ్ళున్నారు. 80కి పైన పలికితే రాగి సెంటో, పది సెంట్ల వెండి నాణెమైన డైమో అయ్యే అవకాశం ఎక్కువ కనుక, మా కరీంనగర్ మిత్రుడు ఆ అంకెలకు తప్ప మోకాలు వంచనని ఒట్టు పెట్టుకున్నాడు. నా పద్ధతి వేరు. రింగులను తవ్వకుండా నికెళ్ళను మాత్రమే తవ్వే ఉపాయం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు కనుక, 52 పలికిన ప్రతిచోటా తవ్వుతాను. ఆ పెరట్లో మధ్యాహ్నం వరకు నా లుంగీ మీద చేరినవి పద్నాలుగు రింగులు, గడ్డి కోసే యంత్రం ముక్కలు చేసిన డబ్బా రేకులు, ఒక బొమ్మకారు చక్రం. "అన్నా, మళ్ల రింగేనా?" అని అతను దూరం నుంచి అడగడం, నేను తల ఊపడం ఆ రోజంతా సాగింది.

దండెం కింద మొదట దొరికినవి లింకన్ సెంట్లు. 1982లో ఈ నాణేన్ని రాగి నుంచి పైన రాగి పూత పూసిన జింకుకు మార్చారు. ఆ జింకు సెంట్లు నేలలో పదేళ్ళకే పుచ్చిన పల్లులా తయారవుతాయి. మావాళ్ళు వాటిని లింకన్ అనరు, "జింకన్" అంటారు. ఫిలడెల్ఫియా టంకశాలలో 2025 నవంబరు 12న చలామణీ కోసం చివరి సెంట్లు ముద్రించినప్పుడు మా ముగ్గురికీ కొంత దిగులు వేసింది కానీ, ఆ దిగులు జింకన్ల కోసం కాదు. వెనక రెండు గోధుమ కంకులున్న పాత సెంట్లు 1909 నుంచి 1958 వరకు వచ్చాయి. అబ్రహాం లింకన్ పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా మొదలైన ఆ నాణేన్ని గీసిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్, తన పేరులోని మూడు అక్షరాలను వెనకవైపు అడుగున చెక్కాడు. అవి మరీ ప్రస్ఫుటంగా ఉన్నాయని గొడవ లేచి, కొద్ది రోజుల్లోనే తీసేశారు. ఆ అక్షరాలతో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించినవి 4,84,000 మాత్రమే. 1909 అని కనబడగానే నాణేన్ని వణికే వేళ్ళతో తిప్పి చూడని డిటెక్టర్ మనిషి ఈ దేశంలో ఉండడు. మేము ఇప్పటికి రెండు 1909లను తీశాము, రెండూ ఫిలడెల్ఫియావే, రెండింటి మీదా అక్షరాలు లేవు.

రెండో గుంజకు ఎడంపక్కన, ఆరంగుళాల లోతులో, యంత్రం తీయగా పలికింది. మట్టి గోడలో తెల్లటి అంచు మెరిసింది. రాగి ఆకుపచ్చగా మారుతుంది, నికెల్ ఎర్రబడుతుంది, వెండి మాత్రం ఎనభై ఏళ్ళు మట్టిలో ఉన్నా నిన్న పడినట్టే వస్తుంది. అది 1941 నాటి డైమ్. రెక్కల టోపీ పెట్టుకున్న స్వేచ్ఛామూర్తి దాని మీది బొమ్మ అయినా, రోమన్ దేవుడైన మెర్క్యురీగా పొరబడి జనం దానికి మెర్క్యురీ డైమ్ అని పేరు స్థిరపరిచారు. రెండున్నర గ్రాముల బరువు, అందులో 90 శాతం వెండి. 1964 దాకా ఈ దేశంలో డైమ్‌లూ పాతిక సెంట్ల క్వార్టర్లూ అలాగే వచ్చేవి. 1965లో చట్టం మార్చి వాటిలోంచి వెండిని తీసేశారు. పెద్దావిడ దాన్ని అరచేతిలో పెట్టుకొని, ఇది తన తల్లి జేబులోంచి పడిందే అయి ఉంటుందని, ఆవిడ ఎప్పుడూ ముందు జేబున్న ఆప్రాన్ కట్టుకొనేదని చెప్పింది. ఆ మాట నిజమో కాదో తేల్చే పని మాది కాదు.

సాయంత్రం నాలుగింటికి, పదిహేనో రింగు కోసమని తవ్విన గుంటలోంచి గుండ్రటి నికెల్ వచ్చింది. ఒకవైపు అడవిదున్న, మరోవైపు అమెరికా ఆదివాసి ముఖం. జేమ్స్ అర్ల్ ఫ్రేజర్ గీసిన ఈ నాణెం 1913 నుంచి 1938 వరకు వచ్చింది. దానిలో ఒక లోపం ఉంది. ఏడాది అంకెలను ఆదివాసి భుజం మీద, అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట చెక్కారు కనుక చేతులు మారేకొద్దీ ముందు అరిగిపోయేవి ఆ అంకెలే. మాకు దొరికినదాని మీద ఏడాది పూర్తిగా చెరిగిపోయింది. విజయనగరం మిత్రుడు ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం చుక్క వేస్తే అంకెలు మళ్ళీ తేలుతాయన్నాడు. అది నిజమే. అయితే ఆ చుక్క పడిన చోట నాణెం చర్మం కాలినట్టు మచ్చపడుతుంది. నేను వద్దన్నాను. వద్దనడానికి నా దగ్గర బలమైన కారణం ఉంది.

మొదటి ఏడాది ఒక తోటలో నాకు ఈకల కిరీటం పెట్టుకున్న తల బొమ్మతో 1887 నాటి ఇండియన్ హెడ్ సెంటు దొరికింది. నూట ముప్పై ఏళ్ళకు పైగా నేలలో ఉన్నా దాని మీద ఆకుపచ్చటి పొర సాఫీగా, గాజులా పట్టి, ఈకల కిరీటంలోని ప్రతి ఈకా కనబడుతూ ఉండేది. ఇంటికి తెచ్చి నేను చేసిన పని, పండగ ముందు రోజు మా అమ్మ రాగి చెంబుకు చేసే పనే: నానబెట్టిన చింతపండు, చిటికెడు ఉప్పు, బొటనవేలు. నిమిషంలో నాణెం కొత్త పైసాలా తళతళలాడింది. ఎంతో సంబరంగా ఫోటో తీసి నాణేలు తెలిసిన ఒక స్థానిక పెద్దమనిషికి పంపితే, ఆయన చాలాసేపటి తరవాత ఒకే ముక్క రాశాడు, ఎందుకు చేశావని. చింతపండులోని ఆమ్లం మురికిని మాత్రమే కరిగించదు, రాగి తనకు తానుగా ఏళ్ళ తరబడి కట్టుకున్న రక్షణ పొరను కరిగిస్తుంది, దానితోపాటు సన్నటి గీతలు కూడా పోతాయి. సేకర్తల లెక్కలో తోమిన నాణేనికి విలువ అడుగంటుతుంది. ఇప్పుడు వెండినైతే గోరువెచ్చటి నీళ్ళలో కడుగుతాము, రాగినైతే పొడి వెదురుపుల్లతో మట్టి మాత్రం రాలగొడతాము. మా వంటింట్లో చింతపండు డబ్బా ఉన్న అలమరకు ఎదురుగా ఆ సెంటును అంటించి ఉంచాను.

ఈ కబుర్లు విన్న మా అమ్మ ఫోన్‌లో అడిగే ప్రశ్న ఒక్కటే, "లంకెబిందెలేమైనా దొరికాయా నాయనా?" అని. వెంటనే ఆవిడే, ఎవరి సొమ్మో ఇంటికి తేవద్దని హెచ్చరిస్తుంది. కరీంనగర్ మిత్రుడికి మాత్రం సెలవుల్లో యంత్రాన్ని ఊరికి తీసుకుపోవాలన్న కోరిక ఉండేది. ఆ ఆలోచనను మేమిద్దరం గట్టిగా ఖండించాము. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం మన దేశంలో నేలలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. చట్టం అటుంచినా, అతని ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహనుల తొలి పాలకుడు సిముకుడి పేరున్న నాణేలు దొరికాయి. అలాంటి చోట నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందన్నదే చరిత్రకారుడికి ఆధారం. దాన్ని ఒకరు పెకలించి జేబులో వేసుకుంటే మిగిలేది లోహపు ముక్క. మా డేటన్ పక్కనే, మయామిస్‌బర్గ్‌లో, అడీనా అనే ప్రాచీన ఆదివాసి జనం కట్టిన పెద్ద మట్టిదిబ్బ ఉంది, దాని దరిదాపులకు కూడా మేము యంత్రాలు తీసుకుపోము. 1941లో జేబులోంచి జారిన డైమ్ విషయం వేరు. దాని గురించి చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు, అడిగితే టీ ఇచ్చి మరీ చెబుతారు.

ఆ రోజు దొరికినవన్నీ పెద్దావిడ వంటింటి బల్ల మీద పాత దినపత్రిక పరిచి వరసగా పెట్టాము. డైమ్‌ను, ఏడాది లేని నికెల్‌ను ఆమె ఉంచుకొంది. గోధుమ కంకుల సెంట్లను మాకు పంచింది. పద్నాలుగు రింగులను చూసి, వాటిలో సగమైనా తన తమ్ముడు విసిరినవే అయి ఉంటాయని నవ్వింది. ఫెర్రిక్ క్లోరైడ్ సంగతి కూడా ఆమెకు చెప్పాము, ఇష్టమైతే అంకెలు తేల్చి ఇస్తామని. ఆమె వద్దని, నికెల్‌ను కిటికీ గూట్లో పెట్టింది.

జూన్‌లో మళ్ళీ వెళ్ళినప్పుడు విజయనగరం మిత్రుడు ప్లాస్టిక్ పూత ఉన్న తీగ చుట్ట ఒకటి తెచ్చాడు. గుంజల తుప్పు గీకి, తీగను నాలుగు వరసలుగా బిగించి కట్టేసరికి గంట పట్టింది. మేము కాఫీ తాగి వచ్చేలోగా ఆమె దాని మీద రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి ఆరవేసింది. దండెం కింద ఇంకా వెతకవలసిన చోటు మిగిలే ఉంది. దుప్పటి ఆరేదాకా ఆగలేక గరాజ్ పక్కన మొదలుపెట్టాము. కరీంనగర్ మిత్రుడికి అక్కడ 53 పలికింది. అతను నా వైపు ఒకసారి చూసి, మోకాలు వంచాడు. అది రింగే.